దిగుడు చికిత్స

అంటే చెయ్యి ముందా, నేను ముందా అన్నది తేలితే గాని ఈ విషయం తేలదు. అది జేబులోకి వెళ్ళిన సంగతి నాకు తెలిసేసరికే డబ్బా మూత వచ్చేసి ఉంటుంది. బొటనవేలూ చూపుడువేలూ చిటికెడు పొడుం పట్టి ముక్కు దాకా తెచ్చాక, అప్పుడు నాకు పీల్చాలని అనిపిస్తుంది. సంతకాలన్నీ అయిపోయిన కాగితం చివరికి పై అధికారి బల్ల మీదికి వచ్చినట్టు, కోరిక నా దగ్గరికి అందరికన్నా ఆఖర్న వస్తుంది. అలాంటప్పుడు మానవలసింది నేనా, చెయ్యా? చెయ్యే అయితే దాన్ని ఒక్కదాన్నే ఇక్కడ చేర్పించి నేను ఇంటికి వెళ్ళిపోవచ్చా?

"ఎన్నో స్థాయండీ?" అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

అది జిల్లా వ్యసన విముక్తి కేంద్రం. నేను ఇరవై ఏడేళ్ళుగా ముక్కుపొడుం పీలుస్తున్న మనిషిని. పేరు వ్యాఘ్రేశ్వరరావు. పేరులో ఉన్న పులి ఇంకెక్కడా లేదు. వాతావరణ కేంద్రంలో వర్షమాపకం చూసే ఉద్యోగం. రోజూ ఎనిమిదిన్నరకి గొట్టంలోకి చూసి, ఎంత వాన పడిందో పుస్తకంలో రాయాలి. ఏడాదిలో రెండు వందల ఎనభై రోజులు 'నిల్' అని రాస్తాను. నిల్ అని రాసిన తరవాత లోపల ఒక ఖాళీ ఏర్పడుతుంది. చెయ్యి జేబులోకి వెళ్ళేది అప్పుడే.

ఇన్నాళ్ళూ దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. కిందటి నెల మా బావమరిది కూతురి పెళ్ళిలో, సరిగ్గా వరుడు తాళి ఎత్తిన క్షణంలో నేను ఏడుసార్లు తుమ్మాను. పురోహితుడి నోట మంత్రం ఆగింది. వరుడి చేతులు గాలిలో ఆగాయి. రెండో ముహూర్తం దొరికేదాకా నలభై నిమిషాలు భజంత్రీలు వాయిస్తూనే ఉన్నారు. నా భార్య భ్రమరాంబ నాతో తిరిగి రాలేదు. బొబ్బిలిలో అన్నగారింట్లోనే ఉండిపోయింది.

"మానేస్తానని మీరు నాకు పదహారు సార్లు మాటిచ్చారు. నోటిమాట ఇంక వద్దు. ఏదైనా ఆస్పత్రిలో చేరినట్టు కాగితం చూపించండి, వస్తాను," అంది.

అందుకని వచ్చాను. గోడ మీద పెద్ద బోర్డు ఉంది. మొదటి స్థాయి: వారానికి ఒకసారి వచ్చి, గంటసేపు మాట్లాడి ఇంటికి పోవడం. రెండోది: వారానికి మూడు రోజులు, మూడేసి గంటలు. మూడోది: రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా, పడక మాత్రం ఇంట్లో. నాలుగోది: నెలరోజులు ఇక్కడే ఉండటం. ఐదోది: మంచం, సెలైను, ఇరవై నాలుగు గంటలూ డాక్టరు. దీన్ని మొట్టమొదట ఆలోచించినవాడెవడో తెలివైనవాడు, మనసున్నవాడు. అందరికీ ఒకే మోతాదు సాయం సరిపోదని గ్రహించినవాడు.

"ఒకటో స్థాయండీ," అన్నాను.

"ఎక్కణ్ణుంచి దిగారు?"

"మార్కెట్ దగ్గర ఆటో దిగి నడిచొచ్చానండీ."

"అది కాదు మాస్టారూ. ఏ స్థాయి నుంచి దిగారు?" అని బోర్డు కింద అంటించిన కాగితం చూపించాడు. అందులో ఇలా ఉంది: 'చికిత్స యనునది దిగుడు ప్రక్రియ. రోగి తీవ్రస్థాయి నుండి స్వల్పస్థాయికి క్రమముగా దిగవలెను. పై స్థాయి నుండి దిగని వ్యక్తిని కింది స్థాయి యందు చేర్చుకొనరాదు.'

"అంటే నేరుగా చేరగలిగేది ఐదో స్థాయిలోనేనా?"

"అంతేనండి. అక్కడ మంచాలు పన్నెండు. అన్నీ ఖాళీ," అన్నాడు గర్వంగా. "కాకపోతే నూటికి ఎనభై మార్కులు రావాలి."

మార్కులు వేసే ఆవిడ స్థాయీకరణ అధికారి శేషారత్నం గారు. సమయం కలిసొస్తుందని ఇద్దరేసి మనుషుల్ని ఒకేసారి పరీక్షిస్తారు. నా పక్క కుర్చీలో కూర్చున్నతని పేరు పైడిరాజు. జూట్ మిల్లులో నేత పని, మిల్లు మూసేశాక ఏ పనీ లేదు. చొక్కా గుండీలు ఒక కన్నం తప్పి పెట్టుకున్నాడు. పొద్దున్న తొమ్మిదిన్నరకే అతని దగ్గర్నుంచి సారా వాసన ఒక మూడో మనిషిలా వచ్చి మా మధ్య కూర్చుంది.

శేషారత్నం గారు ముందు నన్ను అడిగారు. ప్రశ్నలన్నీ తాగుబోతుల కోసం తయారు చేసినవి.

"రోజుకి ఎన్ని సీసాలు?"

"సీసా కాదండీ, డబ్బా. అదీ పదకొండు రోజులకి ఒకటి."

ఆవిడ లెక్క కట్టారు. "రోజుకి సున్నా పాయింట్ సున్నా తొమ్మిది. రౌండ్ చేసి ఒకటి వేసుకోనా?"

"వద్దండీ. కొలత కొలతే."

"కిందటి నెలలో మురిక్కాలవలో పడ్డారా?"

"లేదండీ."

"పోనీ తూలారా?"

"తుమ్మానండీ."

"తుమ్ముకి కాలమ్ లేదు," అన్నారు ఆవిడ విచారంగా. మొత్తం కూడితే ఏడు వచ్చింది. పదో తరగతిలో లెక్కల మాస్టారు నా పేపరు పట్టుకుని చూసినట్టు చూశారు. "ఇలాగైతే ఎలా వ్యాఘ్రేశ్వరరావు గారూ? చదువుకున్నవాళ్ళు."

తరవాత పైడిరాజు.

"తాగుతావా?"

"నానా? నేదమ్మా."

"ఎప్పుడూనా?"

"అలవాటు నేదమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానీగల్ను."

"ఇంట్లో గొడవలు?"

"మా ఆడది మాలచ్చిమి. నన్ను సూసి అదే ఏడుత్తాది, అదే ఊరుకుంటాది."

"మురిక్కాలవ?"

"మా ఈదిలో కాలవే నేదమ్మా. అడిగితే మునిసిపాలిటీ ఓల్లు తవ్వనేదు."

అన్నిటికీ సున్నాలే. శేషారత్నం గారు కలం కింద పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నా మూడేళ్ళ సర్వీసులో పూర్తి సున్నా ఇదే మొదటిసారి!"

నేను ఉండబట్టలేక అన్నాను: "మేడమ్, ఆ వాసన..."

"వాసనకి కాలమ్ లేదండీ."

అక్కడికక్కడే 'వ్యసనరహితుడు' అని ధ్రువపత్రం రాసి పైడిరాజుకి ఇచ్చారు. అతను దాన్ని రెండు చేతులా అందుకుని, తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చదివాడు. అతనికి నిజంగా సంతోషం కలిగింది. తన గురించి తాను నమ్మాలనుకున్న మాటని ప్రభుత్వం ముద్ర వేసి చేతిలో పెడితే ఎవరికి కలగదు? ఆ క్షణంలో నాకు అతనంటే కొంచెం అసూయ వేసింది. నిజం చెప్పి నేను ఏడు మార్కులతో మిగిలాను.

నన్ను మాత్రం ఆవిడ వదల్లేదు. "మీలో నిజాయితీ ఉంది. కోచింగ్ ఇస్తే పైకొస్తారు," అని వెనక షెడ్డులో ఉన్న అర్హతాభివృద్ధి విభాగానికి పంపారు.

మన జిల్లాలో పరీక్ష అన్నది ఒకటుంటే దానికి కోచింగ్ ఉండకుండా ఉండదు కదా. నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. కోచింగ్ ఇచ్చేది గున్నారావు మాస్టారు. మూడేళ్ళ కిందట డెబ్భై తొమ్మిది మార్కులు తెచ్చుకుని ఒక్క మార్కులో సీటు పోగొట్టుకున్న మనిషి. ఆ అనుభవం వృథా కాకూడదని కేంద్రం వారు అతన్ని అధ్యాపకుడిగా నియమించారు. ఒక చేతిలో సుద్దముక్క, ఇంకో చేతిలో బీడీ.

"ఫస్టు, కుటుంబ కలహం. ఇరవై మార్కులు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు," అన్నాడు. "మీ ఆవిడ ఎలాంటిది?"

"అలిగి పుట్టింటికి వెళ్ళిందండీ."

గున్నారావు సుద్దముక్క కింద పడేశాడు. "మీరు ముందే చెప్పొద్దూ! ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

"ముప్ఫై రోజులు నిండితే పూర్తి మార్కులు. అందాకా ఆవిడ రాకుండా చూసుకోండి. మధ్యలో వచ్చిందా, సున్నా."

అప్పుడు నాకు నా పరిస్థితి స్పష్టంగా అర్థమైంది. భ్రమరాంబ రావాలంటే కాగితం కావాలి. కాగితం కావాలంటే భ్రమరాంబ రాకూడదు. నాకు ఆ వాక్యంలో తప్పు ఎక్కడుందో దొరకలేదు. పక్కనున్న ఇద్దరు విద్యార్థులు అప్పటికే గున్నారావు చెప్పింది నోట్సులో రాసుకుంటున్నారు.

మూడు వారాలు రోజూ సాయంత్రం వెళ్ళాను. సిలబస్ ప్రకారం మోతాదు పెంచాలి. మొదటివారం రోజుకి ఎనిమిది చిటికెలు, రెండోవారం ఇరవై, మూడోవారం లెక్కపెట్టకూడదు, ఎందుకంటే లెక్క తెలిసినవాడికి వ్యసనం ముదరలేదని అర్థమట. వారాంతంలో మాదిరి పరీక్ష. ఎవరికెన్ని వచ్చాయో తలుపు మీద అంటించేవారు. ఇరవై ఏడేళ్ళుగా నేను పొడుం పీలుస్తున్నానని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గున్నారావు రోజూ నా ముక్కుకేసి చూసి, "ఇవాళ ఎరుపు బావుంది," అనేవాడు. సిగ్గుగానే ఉన్నా చెబుతాను, నాకది నచ్చింది. జబ్బు చేసిన పిల్లవాడికి నుదుటి మీద అమ్మ చెయ్యి నచ్చినట్టు. నా చేతికైతే గర్వం పట్టుకుంది. ఇప్పుడది జేబులోకి దొంగతనంగా కాదు, ఉద్యోగానికి వెళ్ళినట్టు వెళుతోంది.

విధుల్లో నిర్లక్ష్యానికి పదిహేను మార్కులు. అవి నేను కోరకుండానే వచ్చాయి. ఒకరోజు ఎనిమిదిన్నరకి వర్షమాపకం గొట్టంలోకి వంగి చూస్తుండగా తుమ్ము వచ్చింది. కొలిచాను. కొలత కొలతే. ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా ఆ రోజు మా ఊళ్ళో సున్నా పాయింట్ ఒకటి మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. పేపర్లో కూడా వచ్చింది.

భ్రమరాంబ అలిగిన ఇరవై ఆరో రోజున బొబ్బిలి నుంచి ఫోను.

"ఏమండీ, అలగడం నాకే విసుగొచ్చేసింది. మా వదిన రోజూ బీరకాయ వండుతోంది. రేపు బస్సెక్కేస్తాను," అంది భ్రమరాంబ.

"వద్దు," అన్నాను.

"వద్దా?"

"ఇంకో నాలుగు రోజులు అలుగు."

"ఇంట్లో ఎవరున్నారు?" అంది.

"ఎవరూ లేరు. మార్కుల కోసం. నువ్వు వస్తే ఇరవై మార్కులు పోతాయి."

"యాభై నాలుగేళ్ళొచ్చాక మార్కులేమిటండీ? మీకు ఒంట్లో బావుందా? పెళ్ళిలో తుమ్మితే తుమ్మారు గానీ, అప్పుడు కనీసం మనిషిలా ఉన్నారు," అని పెట్టేసింది. మా కాపురంలో మొదటిసారి ఆవిడ వస్తానంటే నేను వద్దన్నాను. ఆ 'వద్దు' అన్నది నేనా, చెయ్యిలాగే నాకన్నా ముందు కదిలిన మరొకటా? ఆలోచన పూర్తయ్యేసరికి పొడుం ముక్కు దాకా వచ్చేసింది.

ఆఖరుది ప్రయోగ పరీక్ష, మురిక్కాలవలో పడటం. కేంద్రం వెనకున్న కాలవని మునిసిపాలిటీ వారు ఆ మధ్యే కప్పేశారు. అందుకని సిమెంటుతో కొత్తది కట్టించి, ట్యాంకరుతో మంచినీళ్ళు పోయించి, మురికి కోసం రెండు బకెట్ల బురద కలిపారు. పడేముందు పుస్తకంలో సంతకం చేయాలి. నేను సంతకం చేసి, కళ్ళజోడు తీసి తుడిచి గున్నారావుకి ఇచ్చి, చెప్పులు పక్కపక్కన పెట్టి పడ్డాను.

"పడటం బానే ఉంది," అన్నారు గట్టుమీంచి శేషారత్నం గారు. "కానీ కళ్ళజోడు ఇచ్చి పడటం ఏమిటండీ? భావం లేదు. ఐదు మార్కులు కట్."

అయినా మొత్తం ఎనభై ఒకటి వచ్చాయి. గున్నారావు నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. మర్నాటికి కేంద్రం గేటు మీద ఫ్లెక్సీ వెలిసింది: నా ఎర్రముక్కు ఫోటో, కింద 'జిల్లా తొలి అర్హుడు'. భ్రమరాంబకి ఉత్తరం వెళ్ళింది: 'మీ భర్తగారు అత్యంత తీవ్రస్థాయి వ్యసనపరునిగా ఎంపికైనందులకు అభినందనలు. తత్సంబంధ సన్మాన సభకు తాము సకుటుంబముగా విచ్చేయగలరు.'

సభ ఐదో స్థాయి వార్డు ముందు వరండాలో పెట్టారు. తెరిచిన తలుపులోంచి పన్నెండు మంచాలు, మడత నలగని దుప్పట్లు, సెలైను స్టాండ్లు, గోళ్ళు చూసుకుంటున్న డాక్టరు, అన్నీ కనిపిస్తున్నాయి. నాకు పచ్చ చొక్కా, పైజమా తొడిగారు. మణికట్టుకి గుడ్డపట్టీ కట్టారు. ప్లాస్టిక్ పట్టీల టెండరు తేలలేదని నాడాతో కట్టే పట్టీలు వాడుతున్నారు.

"ఇది ఎవరి చేతికుంటే వాళ్ళకే మంచం, మందు, డాక్టరు," అంది నర్సు. "మేము మొహాలు చూడం, పట్టీ చూస్తాం. పొరపాటున కూడా విప్పకండి. విప్పితే ప్రవేశం రద్దు, మళ్ళీ మొదటి నుంచి పరీక్షే. ఇదిగోండి మీ ప్రవేశపత్రం. సభయ్యాక పట్టీతో సరిచూసి సంతకం పెడతాను."

వేదిక మీద నా పక్క కుర్చీ ముఖ్య అతిథిది. వ్యసనపరుడి పక్కన ఆదర్శప్రాయుడైన వ్యసనరహితుడు ఉంటే ప్రజలకి తేడా తెలుస్తుందని కేంద్రం సంచాలకుల వారి ఉద్దేశం. ముఖ్య అతిథి పైడిరాజు. ఇస్త్రీ చొక్కా, ఈసారి గుండీలు సరిగ్గానే ఉన్నాయి. వాసన లేదు.

భ్రమరాంబ మొదటి వరసలో, వేదిక మెట్టు పక్కనే కూర్చుంది. ఒళ్ళో క్యారేజీ. ఆవిడ నా ముక్కుకేసి, పచ్చ పైజమాకేసి చూసి, "ఇదేం అవతారమండీ," అంది వినపడేట్టే.

"కాగితం అడిగావుగా," అన్నాను ప్రవేశపత్రం చూపించి.

"కాగితం అడిగాను గానీ, ఫ్లెక్సీ వేయించుకోమన్నానా? బస్టాండు నుంచి తలెత్తుకోలేకుండా వచ్చాను. ఎన్ని డబ్బాలు పీలుస్తున్నారు?"

"వారానికి మూడు."

"పదకొండు రోజులకి ఒకటి కదండీ మీది!"

ఆవిడ నా లెక్క అంత కచ్చితంగా గుర్తుంచుకుందని నాకు తెలీదు.

సంచాలకులు మైకు అందుకున్నారు. "సభాసదులారా! ఈ వార్డు ప్రారంభింపబడి మూడు సంవత్సరములు గడిచినది. ఈ మూడు సంవత్సరములలో పన్నెండు మంచములలో ఏ ఒక్కటియు దుర్వినియోగము కాలేదని సగర్వముగా మనవి చేయుచున్నాను. కడు పేద వ్యసనపరులు వచ్చిరి, తాము వ్యసనపరులము కామని స్వయముగా లిఖితపూర్వకముగా తెలిపిరి, మేము వారి మాటను గౌరవించితిమి..."

నా భుజం మీద ఏదో తగిలింది. పైడిరాజు నా పచ్చ చొక్కాని మెల్లిగా దులుపుతున్నాడు.

"ఏమిటి పైడిరాజూ?"

"సీమలు బాబూ. ఎర్రసీమలు. మీ మెడ మీదికి ఎక్కీసినాయి."

చీమలు లేవు. అతని చెయ్యి వణుకుతోంది. చెయ్యే కాదు, భుజం, గడ్డం, కుర్చీ, కుర్చీ కింద పలక. ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"ఎన్నాళ్ళయింది తాగి?" అన్నాను నెమ్మదిగా.

"రెండ్రోజులు బాబూ. సన్మానం గదా. పెద్దలందరూ నమ్మినారు, తాగొత్తే ఏటి బాగుంటాది? ఎప్పుడంటే అప్పుడు మానీగల్నని సెప్పేను గదా." నవ్వబోయాడు, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. "సలేత్తంది గానీ... బాబూ, ఆ గోడ మీద కూడా సీమలేనా?"

శేషారత్నం గారు వేదిక వెనకే నిలబడి ఉన్నారు. "మేడమ్, ఇతను వణికిపోతున్నాడు. లోపలికి తీసుకెళ్ళాలి," అన్నాను.

ఆవిడ ఫైలు తెరిచి చూశారు. నిజంగానే చూశారు, పైనుంచి కింది దాకా వేలు పెట్టి. "వణుకుకి కాలమ్ లేదండీ. పైగా సున్నా మార్కులు. సున్నా మార్కుల వ్యక్తిని ఐదో స్థాయిలో పడుకోబెడితే నేను సమాధానం చెప్పుకోలేను."

మైకులో సంచాలకులు పైడిరాజు వైపు చెయ్యి చాపారు: "ఆనందాతిశయమున వారి శరీరము కంపించుట మనమందరము గమనించవచ్చును!" సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకి పైడిరాజు ఉలిక్కిపడి రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

నేను అతని చేతుల్ని చూస్తున్నాను. నా జీవితంలో నా చెయ్యి తప్ప ఇంకో చేతిని ఇంతసేపు చూసిన గుర్తు లేదు. అవి అతను చెప్పినట్టు వినడం లేదు. అతను లేదంటున్న దాన్నంతా అవి అందరి ముందూ, గొంతు చించుకున్నట్టు చెబుతున్నాయి. పది అడుగుల దూరంలో డాక్టరు గోళ్ళు చూసుకుంటున్నాడు, ఎందుకంటే ఈ చేతులకి పట్టీ లేదు.

నాకు ఉంది. ఇది విప్పితే కాగితం చెల్లదు. కాగితం చెల్లకపోతే క్యారేజీ మూత తెరవకుండానే భ్రమరాంబ సాయంత్రం బస్సుకి బొబ్బిలి. పళ్ళతో నాడా ముడి పట్టుకుని లాగాను. పట్టీ ఊడి ఒళ్ళో పడింది.

"ఏయ్, ఏయ్, రద్దు! రద్దయిపోతుంది!" అంది నర్సు.

నేను భ్రమరాంబ వైపు చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. పైడిరాజుని చూస్తోంది. క్యారేజీ నేలమీద పెట్టి, మెట్టెక్కి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"అయితే అవనివ్వమ్మా," అంది నర్సుతో. తరవాత నాతో, "కట్టండి త్వరగా. కట్టేటప్పుడు గానీ తుమ్మారంటే ఊరుకోను."

పట్టీ పైడిరాజు మణికట్టు చుట్టూ వేశాను. అది నిలవడం లేదు. రెండు కొసలూ ఒక్క చేత్తో పట్టుకుని లాగబోతే జారిపోయాయి. నా రెండో చెయ్యి ఏమైందా అని చూసుకున్నాను. ఎప్పుడు తీసిందో, డబ్బా పట్టుకుని, మూత తెరిచి సిద్ధంగా ఉంది.

ముడి వెయ్యాలంటే రెండు చేతులూ కావాలి. మూత పెట్టి, డబ్బా భ్రమరాంబ చేతిలో పెట్టాను.